ఎగువకండ్రిగ దారిలో వాన

వడమాలపేట,
9-10-1944

ప్రియమైన నాయనకు,

నిర్మల వందనాలు. నేను బాగున్నాను. నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయించు. తానుగా చెప్పదు, నువ్వే చూసి రాయి.

సుబ్బులమ్మవ్వ ఇంట్లో నాకేమీ లోటు లేదు. ఒక్క చిక్కు, ఆమె పెంచే కోడిపెట్ట నా పరుపు మీదే గుడ్డు పెడతానని పట్టుబట్టింది. తరిమితే అవ్వ ఒప్పుకోదు. "అది నీకంటే ముందు వచ్చిందమ్మా ఈ ఇంటికి" అంటుంది. అందుకని పొద్దున పరుపు చుట్టకుండా వదిలేసి పోతున్నాను. సాయంత్రం వచ్చేసరికి గుడ్డు సిద్ధంగా ఉంటుంది.

బడి ఉన్న ఎగువకండ్రిగ ఇక్కడికి నాలుగు మైళ్లు. మా ట్రైనింగు బడి దొరసానమ్మ సీమకు పోతూ ఇచ్చిన సైకిలు లేకపోతే ఈ ఉద్యోగం నాకు కుదిరేదే కాదు. ఎండలో ఎంత బాగా సాగిపోయేదో! ఇప్పుడు వానలు పట్టుకున్నాయి. మొదటి రోజు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సైకిలు పట్టుకుని పోయాను. మామిడితోట మలుపులో గాలి కొట్టి గొడుగు పువ్వులాగా పైకి విచ్చుకుంది. మూడు కమ్ములు విరిగాయి. నేను పడలేదు గాని, బడి చేరేసరికి కాలువలో ముంచి తీసినట్టున్నాను.

నాయనా, మగవాళ్లు తడిస్తే తడిశారు అంతే. కోక తడిసి ఒంటికి అతుక్కుంటే పిల్లల ముందు ఎలా నిలబడాలి? బడి ఒకటే గది. పెద్దపంతులు పరంధామయ్య గారు మంచివారు, ఆ రోజంతా నాతో గోడవైపు చూసి మాట్లాడారు. సంచిలో ఇంకొక కోక పెట్టుకుపోయాను, అదీ తడిసింది. పొడిగా ఉన్నా మార్చుకునే చోటు లేదు. ఊళ్లో మంచి మంచి అరుగులున్న ఇళ్లున్నాయి. కానీ మనవాళ్లు ఆ అరుగులు ఎక్కరని నీకు తెలుసు. ఎక్కవద్దని నాకెవరూ చెప్పలేదు, ఎక్కమని కూడా ఎవరూ అనలేదు. అందుకని చింతచెట్టు కిందే నిలబడ్డాను.

ఆ ఊరికి పెద్ద ఏకాంబరం అనే రైతు. ఆయన కూతురు మునిలక్ష్మి నా తరగతిలోనే చదువుతుంది, చురుకైన పిల్ల. ఆయన ఆ సాయంత్రం బడి ముందు నన్ను ఆపి, "ఏమ్మా పంతులమ్మా, ఈ వాలకంతో నువ్వు బడికొస్తే మా ఆడబిడ్డలు ఏం నేర్చుకుంటారు? ఈ వానలు పోయేదాకా సూస్తాం, ఆపైన పిల్లల్ని పంపేదీ లేందీ ఆలోసిస్తాం" అన్నాడు. ఆడపిల్లల తరగతిని బోర్డువారు ఈ ఒక్క ఏడాదికే ఇచ్చారు. పిల్లలు మానేస్తే తరగతి ఉండదు, నేనూ ఉండను. బడికి తడవకుండా పోవడం ఇంత పెద్ద పనవుతుందని ట్రైనింగులో మాకెవరూ చెప్పలేదు.

దిగులు పడకు. ఊరికే నీతో చెప్పుకున్నాను.

నీ కూతురు
నిర్మల


చిత్తూరు,
16-10-1944

చిరంజీవి నిర్మలకు నాయన దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి ఏడ్చింది, రెండోసారి నన్ను తిట్టింది. "బిడ్డను వాన్లోకి తోసేసి నువ్వీడ నీడన కూసోని కుట్టు మిసను తొక్కతా ఉండావే!" అంది. ఆమె మోకాలు బాగానే ఉన్నట్టుంది, తిట్టేటప్పుడు లేచి నిలబడింది.

తల్లీ, నువ్వు దిగులు పడవద్దని రాశావు. ఆ మాట రాశావంటేనే నీకు అక్కడ కష్టంగా ఉందని నాకు అర్థమైంది. నోరు తెరిచి వచ్చేస్తానని అడగలేకపోతున్నావు. పట్టుదల మంచిదే గాని, వెనక్కు రావడం తప్పేమీ కాదు. మన చర్చి సంఘం బడిలో ఒక చోటు ఖాళీ అవుతుందని విని, పెద్దలతో నీ సంగతి చెప్పి ఉంచాను. ఇల్లు దాటి వీధి మలుపు తిరిగితే బడి. తడిసినా ఇంటికొచ్చి మార్చుకోవచ్చు.

అంతవరకూ ఉండటానికి ఒక ఏర్పాటు చేశాను. నీకొక వాన కోటు కుట్టాను. రబ్బరు కోట్లు యుద్ధం వచ్చినప్పటి నుంచి కంటికి కనబడటం లేదు. అందుకని మల్లుగుడ్డ రెండు వరసలు వేసి కుట్టి, కాచిన అవిసెనూనె పట్టించి, ఎండబెట్టి మళ్లీ పట్టించాను. మైనగుడ్డ మాదిరి తయారైంది. మిద్దె మీద ఆరబెడితే ఒక కాకి వచ్చి వాలి కాళ్లు అంటుకుని నానా అల్లరి చేసి పోయింది. వీపు మీద దాని కాళ్ల గుర్తులున్నాయి. తుడిస్తే పోలేదు. వెనకవైపే కదా, నీకు కనబడవు.

కోటు వదులుగా, మడమల దాకా కుట్టాను. కోక ఒక్క పోగు కూడా తడవకూడదని. బస్సు డ్రైవరు కుప్పుస్వామి చేత పంపుతున్నాను. వాసన కొంచెం ఉంటుంది, నాలుగు వానలకు పోతుంది.

ఎప్పుడు వచ్చేది రాయి.

నీ మేలు కోరే
నాయన రాజారత్నం


వడమాలపేట,
30-10-1944

నాయనకు,

కోటు అందింది. నీళ్లు ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఇంత శ్రమ పడి కుట్టినందుకు నీకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. కాకి కాళ్లు చూసి అవ్వ ముచ్చటపడింది.

నేను అక్కడికి వచ్చేస్తానని రాయలేదు. సంఘం బడిలో నాకోసం అడగవద్దు. నేను కష్టం చెప్పుకుంటే నువ్వు ఉద్యోగం మానుకోమంటావని తెలిస్తే చెప్పేదాన్నే కాదు.

దీపంలో నూనె తక్కువగా ఉంది, అందుకే అక్షరాలు వంకరగా పడుతున్నాయి. అమ్మకు నా వందనాలు.

నిర్మల


చిత్తూరు,
6-11-1944

చిరంజీవి నిర్మలకు,

నీ ఉత్తరం చూసి సంతోషించాలో కలత పడాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను.

ముందు సంతోషం సంగతి. కోటు పనికి వచ్చిందని నువ్వు రాసినది అంగట్లో అందరికీ చెప్పాను. మన పోస్టుమాను దేవరాజులు నాకూ ఒకటి కావాలన్నాడు, కుట్టి ఇచ్చాను. కోర్టు గుమాస్తా సుబ్రమణ్యం గారు రోజూ సైకిలు మీద కచేరీకి పోతారు కదా, ఆయనకూ అచ్చం నీ కోటు లాంటిదే, మడమల దాకా, కుడుతున్నాను. యాభై ఏళ్లు దాటాక కొత్త పని కనిపెట్టినవాణ్ణయ్యాను. నీ పుణ్యమే.

ఇక కలత. అమ్మా, ఈ అక్షరాలు నీవి కావు. పలక మీద నీ చేయి పట్టి దిద్దించినవాణ్ణి. నీ 'ల' నాకు తెలుసు. దీపంలో నూనె లేకపోతే అక్షరం మసకగా పడుతుంది గాని, కుడివైపుకు వాలే అక్షరం ఎడమవైపుకు వాలదు. నీకు జ్వరమా? ఎవరి చేతనైనా రాయించావా? లేక నామీద కోపంతో ఎవరో రాసినది పంపావా? ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. కోడిపెట్ట మాట కూడా లేదు.

మీ అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నది. "కోపమైతే కోపమని రాయమను. జబ్బయితే జబ్బని రాయమను. ఏమీ రాయకుంటే నేను ఏమని అనుకునేది?" అంటుంది. సంఘం బడి మాట నీకు కష్టం కలిగిస్తే వదిలెయ్. వెంటనే జవాబు రాయి.

నాయన


వడమాలపేట,
11-11-1944

ప్రియమైన నాయనకూ అమ్మకూ,

ముందు సుబ్రమణ్యం గారి కోటు ఆపు. ఇచ్చేసి ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి, పోయి వెనక్కు తీసుకో. తరువాత మిగిలినది చదువు.

నాయనా, కోటులోకి నీళ్లు రాలేదన్నది నిజమే. గాలి వచ్చింది. కోటు వేసుకుని పోయిన మొదటి రోజే, కండ్రిగ ఇంకొక మైలు ఉందనగా, కాలువ మీది మోరీ దాటుతుంటే ఎదురుగాలి కొట్టింది. కోటు కింది నుంచి ఉబ్బి నా తలను కప్పేసింది. చేతులు లోపల చిక్కుకున్నాయి. సైకిలు ఎటు పోతుందో తెలియలేదు. మోరీ పక్క గుంతలో పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆ ఉత్తరం ఎడమచేత్తో రాశాను. నువ్వు మిద్దె మీద నిలబడి నూనె పట్టించినది తలచుకుంటే, కోటు నన్ను పడేసిందని రాయడానికి మనసు రాలేదు. ఈ ఉత్తరం కూడా ఎడమచేత్తోనే. అందుకే మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను.

ఇప్పుడు నొప్పి తగ్గింది. అమ్మను భోజనం చేయమను. అంతా చెబుతాను.

గుంతలో నుంచి లేవలేకపోయాను. కొంతసేపటికి కండ్రిగ వైపు నుంచి గూడుబండి ఒకటి వచ్చింది. అందులో ఏకాంబరం గారూ, ఆయన భార్య చంద్రకాంతమ్మ గారూ ఉన్నారు. పుత్తూరు సంతకు పోతున్నారు. వాళ్ల మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఎవురో పడిపోయినట్టుండారే."

"ఇంకెవురు, ఆ పంతులమ్మే. ఆడది సైకిలు తొక్కితే ఇంతే."

"ఇంతే అని పోతామా? దిగు ముందు. ఎద్దుల్ని నేను పట్టుకుంటా."

ఆయన దిగి వచ్చాడు. గట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో నీకు రాయనక్కరలేదు. తరువాత నా ఎడమచెయ్యి పట్టి పైకి లాగాడు. బండిలో చంద్రకాంతమ్మ గారు నా చేయి చూసి, "ఇది పుత్తూరు కట్టుకు పోవాల్సిందే. ఎట్లాగూ ఆడికేగా పోయేది" అన్నారు. నేను చలికి వణుకుతున్నాను. ఆమె మూటలో నుంచి తన పొడి కోక తీశారు. భర్తను ముందుకు తిరిగి బండి తోలమని, నా తడి కోక విప్పించి, నా చేయి కదలకుండా ఆ కోక తానే చుట్టబెట్టారు. మెత్తగా నలిగిన పచ్చ నేత కోక. దారి పొడుగునా నా చేతిని తన ఒళ్లో పెట్టుకున్నారు. బండి ఎగిరినప్పుడల్లా నేను అరవకముందే ఆమె "అయ్యో" అనేవారు.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన ఎముక సరిచేసి, ఆకుపసరూ గుడ్డుసొనా పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. సాయంత్రం నన్ను వడమాలపేటలో సుబ్బులమ్మవ్వ ఇంటి ముందు దించి పోయారు. అవ్వ చేతులెత్తి వాళ్ల కోసం ప్రార్థన చేయబోతే ఏకాంబరం గారు కంగారుపడి ఎద్దుల్ని అదిలించారు.

వారం రోజులు ఇంట్లో ఉన్నాను. తరువాత సైకిలు తొక్కలేను గనుక నడిచి పోతున్నాను, తల మీద గోనెపట్టా కొప్పెర వేసుకుని. తడుస్తాను, తప్పదు. కానీ నాయనా, ఇప్పుడు నాకొక చోటు దొరికింది. మొదటి రోజు ఊరు చేరగానే మునిలక్ష్మి ఎదురొచ్చి, "మాయమ్మ పిలస్తా ఉండాది" అని నన్ను పెరటి వైపు తీసుకుపోయింది. చంద్రకాంతమ్మ గారు వాళ్ల కొట్టంలో నాకు చోటు ఇచ్చారు. రోజూ అక్కడే కోక మార్చుకుంటున్నాను. తడి కోక అక్కడే ఆరవేస్తాను. బడికి పొడిగా పోతున్నాను. పిల్లలు ఒక్కరు కూడా మానలేదు.

దేవుడు నన్ను ఆ గుంతలో పడేసి మేలే చేశాడేమో అనిపిస్తున్నది. వాళ్లకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ పచ్చ కోక ఉతికి మడిచి పెట్టాను. తిరిగి ఇస్తే తీసుకుంటారా, నేను కట్టినది అని వద్దంటారా అని ఇంకా ఇవ్వలేదు. అదొక్కటే భయం.

నీ కోటు నేను పారేయలేదు. కోడిపెట్ట దాని మీద పడుకుంటున్నది.

నీ బిడ్డ
నిర్మల


చిత్తూరు,
17-11-1944

చిరంజీవి నిర్మలకు,

నీ ఉత్తరం రాకముందే సుబ్రమణ్యం గారు నా కోటు వేసుకుని బజారులో కూరగాయల గంపల మీద పడ్డారు. దెబ్బలు తగల్లేదు. వంకాయలు నలిగాయి. కోటు తెచ్చి నా మిషను మీద పెట్టి, "రాజారత్నం, ఇది కోటు కాదు, గాలిపటం" అని పోయారు. అది విని నాకు నవ్వు రాలేదు. నీకేమైందో అప్పుడే తట్టింది. మరునాడు నీ ఉత్తరం వచ్చింది. దేవరాజులు మాత్రం కోటు తిరిగి ఇవ్వనంటున్నాడు. వాడు నడిచే మనిషి, వాడికి బాగుందట.

నా చేత్తో కుట్టినదే నీ చెయ్యి విరిచింది. దాని గురించి ఇంక రాయలేను.

కానీ ఒక మాట అడగకుండా ఉండలేను. కొట్టంలోనా? పసులను కట్టే చోటా? ట్రైనింగు పాసైన పంతులమ్మను, వాళ్ల బిడ్డకు అక్షరాలు చెప్పేదాన్ని, పెరటి దారిన పిలిచి కొట్టం చూపించారా? దానికి నువ్వు కృతజ్ఞతలు చెబుతున్నావా? నీ ఉత్తరం అంతా వందనాలే. బండి ఎక్కించుకున్నారు, నిజం. దానికి నా ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకూ తలచుకుంటాను. కానీ తల్లీ, మనవాళ్లం ఎంతకాలం కొట్టానికే సంబరపడాలి? నిన్ను చదివించినది ఎందుకు?

ఆ కోక సంగతి కూడా నాకు తెలుసు. నువ్వు తిరిగి ఇస్తే ముట్టుకోరు. "ఉంచుకోమ్మా" అంటారు. వినడానికి అది ఎంత బాగుంటుందో! నువ్వు ఇవ్వకపోవడమే మంచిది.

మీ అమ్మ నామీద కసురుకుంటున్నది. "బిడ్డ పొడిగా ఉండాది గదా, దానికి సంతోషించరా దేవుడా అంటే, యాడ ఆరేసుకునిందని పోట్లాడతావే!" అంటుంది. ఆమెకు తెలియదు. నేను వాకిళ్ల బయట నిలబడి బట్టలు కుట్టినవాణ్ణి.

ఏం చేయాలో నేను చూసుకుంటాను.

నాయన


వడమాలపేట,
27-11-1944

నాయనకు,

చూశావా, ఇది నా కుడిచేయి. కట్టు విప్పారు. 'ల' ఇంకా కొంచెం వణుకుతున్నది గాని నాదే.

"నేను చూసుకుంటాను" అని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి రోజూ బస్సు చప్పుడైతే వాకిట్లోకి పోయి చూస్తున్నాను. నన్ను తీసుకుపోవడానికి రావద్దు. వాళ్లతో మాట అనవద్దు.

తప్పు నాదే, సరిగా రాయలేదు. ఎడమచేత్తో రాయడంతో మాటలు పొదుపు చేశాను. కొట్టం అంటే పసులను కట్టే వసారా కాదు, దానికి ఆనుకున్న గది. తలుపు ఉంది, గడియ ఉంది. చేను పనుల నుంచి వచ్చి ఆ ఇంటి ఆడవాళ్లు కూడా అక్కడే కోకలు మార్చుకుంటారు. నడింట్లోకి నన్ను పిలవలేదు, అది నిజమే. అది నాకు తెలియక కాదు నాయనా. తెలిసే సంతోషపడుతున్నాను. చంద్రకాంతమ్మ గారు ఎంత తలుపు తెరవగలరో అంత తెరిచారు. తెరిచిన ప్రతిసారీ అత్తగారి చేత మాట పడుతున్నారు. నా చెవులతో విన్నాను. "పంతులమ్మ తడిసి సదువు సెప్తే మన పిల్లకే గదా జలుబు" అని ఆమె ఏదో ఒకటి చెప్పి దాటేస్తారు.

పచ్చ కోక పోయిన వారం తీసుకుపోయి ఇచ్చాను. ఆమె తీసుకుని, విప్పి చూసి, "అబ్బా, ఎంత శుబ్బరంగా ఉతికినావే, నా సేతిలో ఎప్పుడూ ఇట్లా రాలే" అని లోపలికి తీసుకుపోయారు. పోతే పోయింది, ఏ మూల పెట్టారో అనుకున్నాను. నిన్న అదే కోక కట్టుకుని బావి దగ్గర నీళ్లు చేదుతున్నారు.

నువ్వు చదివించినందుకే నాయనా ఇవన్నీ చూడగలుగుతున్నాను. నీమీద కోపం లేదు. నీ కోటు మీదా లేదు. పొట్టిగా కుట్టి పంపు, మళ్లీ సైకిలు ఎక్కుతాను.

నిర్మల


చిత్తూరు,
5-12-1944

చిరంజీవి నా తల్లి నిర్మలకు,

నీ ఉత్తరం నేను బయలుదేరిన పొద్దునే ఇక్కడికి వచ్చిందట. తిరిగి వచ్చాకే చదివాను. ముందే చదివి ఉంటే వచ్చేవాణ్ణి కాదేమో. చదవకపోవడమే మంచిదైంది.

మొన్న నువ్వు బడి నుంచి వచ్చేసరికి నేను ఏకాంబరం గారి అరుగు మీద ఉన్నాను. "ఏం నాయనా, ఇట్లా తడిశావు?" అని అడిగావు. నేను నవ్వి ఊరుకున్నాను. కోటు నీ చేతిలో పెట్టి, బస్సుకు పొద్దవుతుందని వచ్చేశాను. జరిగింది నీకు చెప్పనేలేదు. అందుకని రాస్తున్నాను.

వడమాలపేటలో దిగి కండ్రిగకు నడిచాను. వాన విడవలేదు. కొత్త కోటు తడవకూడదని చొక్కా లోపల పెట్టుకున్నాను. మీ అమ్మ ఇది విని, "కోటు సంకలో పెట్టుకోని తడిసొచ్చిన మొగోణ్ణి ఈడే సూస్తా ఉండా" అంది. దారి పొడుగునా ఏమేం అనాలో మాటలు కూర్చుకున్నాను. మా బిడ్డను ఇంక మీ కొట్టానికి పంపేది లేదు, మీ మేలుకు ఒక దండం, అని.

వాళ్ల ఇల్లు కనుక్కుని వీధిలో నిలబడ్డాను. చూరు కిందికి కూడా పోలేదు. అలవాటు. చంద్రకాంతమ్మ గారు చెంబు పట్టుకుని బయటికి వచ్చి నన్ను చూశారు.

"ఎవురప్పా నువ్వు? వాన్లో అట్లా నిలబడుకోని ఉండావు?"

"పంతులమ్మ నాయనను."

"అయ్యో, రా రా! అరుగెక్కు."

కాళ్లకు బురద ఉందన్నాను.

"వాన్లో నడిస్తే కాళ్లకు బురద కాక గంధం అంటతాదా? ఎక్కప్పా."

ఎక్కాను. ఆ ఊళ్లో అరుగు ఎక్కడం అంత తేలికగా జరిగిపోయింది. అరుగు చివరన కూర్చున్నాను. వేడి కాఫీ తెచ్చారు. గోడ గూట్లో విడిగా పెట్టే లోటాలో తెచ్చారు, అది నేను చూశాను. చూసి కూడా తాగాను. చలికి ప్రాణం లేచి వచ్చింది. తాగి నేనే కడిగి బోర్లించాను. నేను పెట్టుకున్న మాటలు అప్పటికి సగం కరిగిపోయాయి.

గది చూస్తానన్నాను. ఆమె చూపించారు. అలికి ముగ్గు వేసి ఉంది. కోక ఆరవేసే తాడు కట్టి ఉంది. నువ్వు బడి వదిలి రావడానికి ఇంకా పొద్దుంది, అప్పటికే కుంపటి రాజేసి ఉంది. "తడిసిన కోక సాయంత్రానికైనా ఆరకుంటే తిరుగుదావకు ఏం కట్టుకోని పోతాది?" అన్నారు. నేను ఆ కుంపటి వైపే చూస్తూ ఉండిపోయాను. మిగిలిన సగం మాటలు కూడా పోయాయి.

అంతలో ఏకాంబరం గారు వచ్చారు. నన్ను చూశారు. తువ్వాలు దులుపుకుని స్తంభానికి ఆనుకుని నిలబడి, "నీ బిడ్డ మొండిదప్పా. సెయ్యి ఇరిగినా మాన్లే" అన్నారు. తరువాత, "మా పిల్ల ఎద్దులకు గూడా ఎక్కాలు సెప్తా ఉండాది. పోయిన వారం ఇనస్పెట్రు వొచ్చినాడు. తరగతి ఉండాల్నా వొద్దా అని అడిగినాడు. ఉండాలని సెప్పినా" అన్నారు. మెచ్చుకున్నట్టు కాదు, ఎండుగడ్డి ధర చెప్పినట్టు చెప్పారు. నేను లేచి నిలబడి చేతులు జోడించాను. ఆ దండం నేను దారిలో అనుకున్న దండం కాదు.

బడి వదిలారు. నీకంటే ముందు మునిలక్ష్మి పరుగెత్తుకు వచ్చింది, గోనెపట్టా నెత్తిన వేసుకుని, పూర్తిగా తడిసి. నా చేతిలో కోటు చూసి, "ఇది నాకా?" అంది. మీ పంతులమ్మకన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది.

"అంత చిన్నది కుట్టేదానికి అవుతాదా అప్పా?" అని తల్లి అడిగారు.

అవుతుందన్నాను. అలవాటుగా జేబులో నుంచి టేపు తీశాను. తీసి ఆగిపోయాను. నిర్మలా, నీకు తెలుసు, ఇలాంటి ఇళ్లలో నాకు కొలతకు మనిషిని ఇవ్వరు. పాత చొక్కానో పాత రవికనో అరుగు మీది నుంచి వేస్తారు. దాన్ని కొలుచుకుని కుడతాను. ముప్పై ఏళ్లుగా అంతే. అందుకని, "పాత రవిక ఒకటి ఉంటే ఇవ్వండమ్మా, కొలత తీసుకుంటాను" అన్నాను.

ఆమె మొగుడి వైపు చూశారు. ఆయన వీధిలోకి చూశారు. లోపల ముసలామె దగ్గింది.

"పాత రవికెందుకు, పిల్ల ఎదురుగా ఉంటే?" అన్నారు ఆమె. "పెరిగే పిల్ల. దాన్నే కొలుసుకో."

మునిలక్ష్మి వచ్చి నా ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. నేను టేపు దాని భుజం మీద పెట్టాను. ఒక భుజం నుంచి రెండో భుజానికి, మెడ నుంచి మోకాలికి. పిల్లకు గిలిగింత పుట్టి నవ్వింది. "కదలొద్దే" అని తల్లి కసిరారు. నా చేయి వణుకుతున్నదని ఆ పిల్ల ఒక్కతే చూసింది. "తాతా, చలా?" అని అడిగింది. అవునన్నాను. అప్పుడే నువ్వు వీధి మలుపు తిరిగి వచ్చావు.

నీ కోటు నడుము దాకే కుట్టాను. గాలి పోవడానికి వీపున చీలిక పెట్టాను. ముందు వైపు మాత్రం గుడ్డ కొంచెం పొడుగ్గా వదిలి, హ్యాండిలుకు కట్టుకోవడానికి నాడాలు పెట్టాను. సుబ్రమణ్యం గారు దాన్ని వేసుకుని బజారంతా తొక్కి చూసి, పడకుండా తిరిగి వచ్చాకే నీకు తెచ్చాను. ఎలా ఉందో నిజం రాయి. ఈసారి నన్ను మెప్పించడానికి రాయవద్దు.

మునిలక్ష్మి కోటు రేపు కుప్పుస్వామి చేత పంపుతున్నాను. పెరిగే పిల్ల గనుక అంచులో నాలుగు వేళ్ల గుడ్డ మడిచి వదిలాను. వచ్చే ఏడు ఒక మడత, ఆపై ఏడు ఇంకొక మడత విప్పుకుంటే బడికి సరిపోతుందని వాళ్ల అమ్మతో చెప్పు.

నాయన